ఐదో మెట్టు

మా ఇంటి అటకమీద ఒక పెట్టె ముప్పై ఏళ్లపాటు నోరు మూసుకొని ఉండిపోయింది. దాని నోరు మూయించినవాణ్ణి బహుశా నేనే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై రెండేళ్ల వయస్సు రావలసివచ్చింది.

మాది అద్దంకికి సమీపంలోని పల్లె. గుండ్లకమ్మ పరిసరాల నల్లరేగడి నేలల్లో ప్రత్తి, మిరప మా ప్రధానమైన పంటలు. మాఘమాసం వచ్చేసరికి కల్లాల నిండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఆ ఘాటుకు దారిన పోయేవారు తుమ్ముకొంటూ నడిచేవారు. ఆ ఋతువులోనే మా ప్రాంతానికి నాటకాలు వచ్చేవి. శివరాత్రినాటి కోటప్పకొండ తిరునాళ్లు మొదలుకొని శ్రీరామనవమి పందిళ్ల వరకు ఏదో ఒక ఊరిలో తెల్లవార్లూ పద్యాలు మారుమ్రోగుతూ ఉండేవి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తివారి గయోపాఖ్యానం, బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకం మా ప్రాంతంలో అక్షరం ముక్క రాని రైతుకు సైతం కంఠస్థాలు. నాగలి దున్నుతూ కృష్ణరాయబారం అందుకొన్న గొంతులను బాల్యంలో నేను స్వయంగా విన్నాను.

మా నాయన ఆ నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పగలు రెండెకరాల సేద్యం, రాత్రి పెట్టె. ఆయన సంగీతాన్ని ఏ పాఠశాలలోనూ అభ్యసించలేదు. పదహారో ఏట ఒక నాటక సమాజంలోని హార్మనిస్టు వెంట చేరి, నాలుగేళ్లు ఆయన పెట్టెను నెత్తిమీద మోశాడు. పెట్టె మోసినవాడికి రాత్రి దాని పక్కన కూర్చొనే హక్కు ఉండేది. ఆ హక్కే ఆయనకు గురుకులం.

1992లో నేను ఎం.ఏ. చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. అంతకు కొన్నాళ్ల ముందు ఒక సదస్సులో హార్మోనియం చరిత్రను గూర్చి ఒక ప్రసంగం విన్నాను. ఆ వాద్యం మనది కాదనీ, 1842లో పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబైన్ అనే ఆయన దానికి హక్కుపత్రం పొందాడనీ, పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దానిని నేలమీద కూర్చొని చేతితో తిత్తి ఊదుతూ వాయించుకొనేలా మార్చారనీ అప్పుడే తెలుసుకొన్నాను. అన్నింటికంటె నాకు ఆకర్షణీయంగా తోచిన విషయం మరొకటి. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. రవీంద్రనాథ్ ఠాగూర్ అంతటివాడు ఆ నిర్ణయాన్ని సమర్థించాడు. 1971లో గాని ఆ నిషేధం కొంతమేరకైనా సడలలేదు.

కొత్తగా చదువుకొన్నవాడికి తన చదువును ఎవరిమీదనో ఒకరిమీద ప్రయోగించాలని ఉంటుంది. ఆ సాయంత్రం మా అరుగుమీద సమాజంవాళ్లు నలుగురైదుగురు కూర్చొని ఉన్నారు. నాయన పెట్టె తుడుచుకొంటున్నాడు.

"నాయనా, ఈ పెట్టెను రేడియోవాళ్లు ముప్పై ఏళ్లు గడప తొక్కనియ్యలేదు, తెలుసా? దీనిమీద గమకం పలకదు. దీనిది అసలు సంగీతమే కాదంట" అన్నాను.

ఎవరో నవ్వారు. నాయన చేయి ఒక్క క్షణం ఆగింది.

"అట్నా?" అన్నాడు. అంతే. తిత్తి కొక్కెం బిగించి పెట్టె మూశాడు.

ఒప్పుకొన్న నాటకాలకు ఆ ఏడాది వెళ్లాడు. ఆ తరువాత పెట్టె అటక ఎక్కింది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటికే ఇళ్లలోకి టెలివిజన్లు వచ్చాయి. నాటకాలు తగ్గుముఖం పట్టాయి. కాబట్టి కారణం అదేనని నాకు నేను నచ్చజెప్పుకొన్నాను. 2004లో నాయన కన్నుమూశాడు. 2022 వానకాలంలో అటక ఉరిసి, సామాను కిందికి దించవలసివచ్చినప్పుడు పాత గోనెపట్టాలో చుట్టిన పెట్టె మళ్లీ నా చేతికి వచ్చింది.

మూత తెరిచి తిత్తి ఊదాను. మూడు మెట్లు నొక్కకుండానే మూలిగాయి. రెండు మెట్లు నొక్కినా పలకలేదు. ఒంగోలులో ఒక మరమ్మతు చేసే ఆయన రీడులు శుభ్రం చేసి, తిత్తికి కొత్త తోలు వేసి ఇచ్చాడు. "ఎవరు వాయిస్తారండీ?" అని అడిగాడు. "నేనే" అని నా నోటినుండి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

అయితే నేర్పేవారేరి? సమాజంలోని పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పే మాస్టారు ఈ వయస్సులో పిల్లల పక్కన కూర్చొని సరళీస్వరాలు పట్టడం నాకు నామోషీగా తోచింది. పుస్తకాలమీద బ్రతికినవాణ్ణి కనుక పుస్తకాన్నే ఆశ్రయించాను. విజయవాడ పాత పుస్తకాల దుకాణంలో అట్ట ఊడిన హార్మోనియం స్వబోధిని ఒకటి దొరికింది. గురువు లేకుండానే నేర్చుకోవచ్చునని దాని మొదటి పుటలోనే అభయం ఉంది.

ఈ అభయం మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. పాశ్చాత్య దేశాల్లో పియానో నేర్చుకొనేవారికోసం ఇటువంటి పాఠ్యగ్రంథాలు చాలాకాలంగా ఉన్నాయి. జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బేయర్ పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో వ్రాసిన ప్రాథమిక గ్రంథం జపాన్, కొరియా దేశాల్లో తరతరాల పిల్లల చేతికి వెళ్లింది. మన భాషలోను తక్కువ ప్రయత్నం జరగలేదు. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో వెలువడిన మహాగ్రంథం. గొంతులో పుట్టే గమకాన్ని గుర్తులతో కాగితంమీదికి తేవాలని ఆయన అందులో చేసిన కృషి అసామాన్యమైనది. నేను కొన్నది అంతటి గ్రంథం కాదు. అయినా అక్షరం ద్వారా నాదాన్ని అందుకోవాలనే ఆశ రెండింటిలోను ఒక్కటే.

పుస్తకం చెప్పిన ప్రకారం మొదలుపెట్టాను. హార్మోనియం మెట్ల వరుస పియానో మెట్ల వరుసే. పియానోకు యాభై రెండు తెల్లమెట్లు, ముప్పై ఆరు నల్లమెట్లు, మొత్తం ఎనభై ఎనిమిది ఉంటే మా పెట్టెకు మూడు స్థాయులకు సరిపడా మాత్రమే ఉన్నాయి. మన నాటకాలవాళ్లు తెల్లమెట్లను ఒకటి నుండి ఏడు వరకు లెక్కిస్తారు. నల్లమెట్లు అరలు. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ నడుమ నల్లమెట్టు లేదు కనుక మూడున్నర లేదు. ఏడున్నర కూడ లేదు. ఒకటో మెట్టును షడ్జమంగా పెట్టుకొని మాయామాళవగౌళలో సరళీస్వరాలు వాయించమని పుస్తకం ఆదేశం.

మొదటి నెలలో నాకు తెలిసివచ్చినదేమంటే, తెలియడం వేరు, చేతికి రావడం వేరు. గురులఘువుల లెక్కలో నన్ను తప్పుపట్టగలవారు మా జిల్లాలో తక్కువని నాకొక అహంకారం ఉండేది. ఏ పద్యాన్ని విన్నా గణాలు మనస్సులో వాటంతట అవే విడిపోతాయి. అటువంటి నాకు ఎనిమిది స్వరాలను సమానమైన కాలంలో వాయించడం సాధ్యం కాలేదు. సులువైన చోట పరుగెత్తేవాణ్ణి, నల్లమెట్టు రాగానే తడబడి ఆగేవాణ్ణి. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్కసారి తిత్తి నొక్కడంవల్ల పెట్టె ఆయాసం వచ్చినవాడిలా ఎగరోజేది. పుస్తకం మాత్రం నిశ్చలంగా నా ఎదుట తెరుచుకొని ఉండేది. పుస్తకంలోని పెద్ద సుగుణం అదే, దాని పెద్ద లోపమూ అదే. అది మనలను కసరదు. అయితే మన తప్పును వినదు కూడ.

వినేవారు ఇద్దరు దొరకడం నా అదృష్టం. మొదటి ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మా వీధి పెద్దాయన. నేను ఆయనను బాబాయి అని పిలుస్తాను. పద్యాలంటే ప్రాణం. రెండో ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగ విరమణ చేసిన ఒక తల్లి. చర్చిలో కీర్తనలకు వాయించాలనే కోరికతో అరవయ్యో ఏట చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కొని, ఒక పియానో పుస్తకం ముందు పెట్టుకొని స్వయంగా నేర్చుకొంటున్నారు. ఆదివారం సాయంత్రాలు మేము ముగ్గురం మా అరుగుమీద కలుసుకోవడం అలవాటయింది. ముగ్గురి వయస్సు కలిపితే నూట ఎనభై దాటుతుంది. విద్యలో మాత్రం ముగ్గురం ఒకటో తరగతే.

నర్సమ్మగారి పుస్తకంలో స్వరాలపైన అంకెలు ఉన్నాయి. అవి మన శ్రుతి లెక్కలేనని నేను నమ్మి, పాండిత్య ప్రకర్షతో ఆమెకు అరగంటసేపు వివరించాను. ఆమె ఓపికగా అంతా విని, "కాదు మాస్టారూ, అవి వేళ్ల గుర్తులు. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు" అన్నారు. బాబాయి పైపంచెతో నోరు మూసుకొన్నాడు. ఆమే నాకు మరొక రహస్యం కూడ చెప్పారు. "కష్టమైన చోట ఎంత నెమ్మదిగా తప్పు లేకుండా వాయించగలరో, మొదటినుండీ అంతే నెమ్మదిగా వాయించండి. మా ఆసుపత్రిలో కొత్త పిల్లలకు సూది వేయడం కూడ ఇట్లాగే నేర్పేవాళ్లం." మూడు నెలలుగా నాకు పట్టుబడని కాలం ఆ ఒక్క మాటతో దారికి వచ్చింది.

ఆ తరువాత నా తరగతిలో ఒక మార్పు జరిగింది. పద్యం చదువుతూ విద్యార్థి తడబడితే ఆ మాట దగ్గరే ఆపి సరిదిద్దడం నాకు పాతికేళ్ల అలవాటు. అలా ఆపగానే ఆ పిల్లవాడి గొంతులో ఏమి జరుగుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు నా చేతికి ఆ బాధ తెలుసు. అందువల్ల పద్యం పూర్తయ్యేవరకు ఊరకుంటున్నాను. తుదకు ఒకే ఒక తప్పు చెబుతున్నాను. మిగిలినవాటిలో సగం మరునాటికి వాటంతట అవే సర్దుకోవడం చూసి ఆశ్చర్యపోతున్నాను.

ఒక ఆదివారం బాబాయి పెట్టె దగ్గరగా జరిగి కూర్చొని మెట్లవైపు తేరిపార చూశాడు.

"మాస్టారూ, నువ్వు ఒకటిలో మొదలుపెడుతున్నావు గాని, ఈ మెట్లు చూశావా?"

చూశాను. అప్పటివరకు ప్రతిదినం చూస్తూనే చూడలేదు. నడిమి స్థాయిలో ఐదో మెట్టు అంచు అరిగి గుంటపడింది. దానికి పైన రెండో మెట్టు కూడ అంతే. పుస్తకం నన్ను కూర్చోబెట్టిన ఒకటో మెట్టు మాత్రం దాదాపు కొత్తదానిలా ఉంది. ఐదు షడ్జమమైతే పై రెండు పంచమం. చాలా రాగాల్లో, చాలా పద్యాల్లో వ్రేలు మళ్లీమళ్లీ వచ్చి వాలవలసిన చోట్లు ఆ రెండే.

"మీ నాయనది ఐదు శ్రుతి. మైకులు లేని కాలం నుంచి పాడినోళ్లు ఆ సమాజంలో ఉండారు. చివర కూర్చున్నోడికి కూడ వినపడాలిగా! అంత పైన పాడాల్సిందే" అన్నాడు బాబాయి.

నేను ఆనాటినుండి ఐదో మెట్టుకు మారాను. మారడం అనుకొన్నంత సులభం కాలేదు. ఒకటి శ్రుతిలో మాయామాళవగౌళకు రెండు నల్లమెట్లు చాలు. ఐదు శ్రుతిలో మూడు కావాలి: ఐదున్నర, రెండున్నర, నాలుగున్నర. వేళ్లు నేర్చుకొన్న దారి మొత్తం తప్పిపోయింది. ఏడాది శ్రమ వ్యర్థమైందని దిగులు పడ్డాను. అయితే అరిగిన మెట్టుమీద వ్రేలు పెట్టినప్పుడల్లా అది ఆ గుంటలో తనంతట తానే కుదురుకొనేది. ఆ గుంట ఒక మనిషి ముప్పై ఏళ్లపాటు వ్రాసిన వ్రాత. దానిని చదవడానికి నాకు అంతకాలం పట్టింది.

అప్పుడు బాబాయి నాకు నాయన వాద్యాన్ని గూర్చి చెప్పాడు. పద్యానికి తాళం ఉండదు. నటుడు తన మనస్సుకు వచ్చినంతసేపు రాగం తీస్తాడు, ఎక్కడ ఆగుతాడో అతనికే తెలియదు. హార్మనిస్టు అతని నోటివైపు చూస్తూ, అతని ఊపిరి అయిపోయే చోటును ముందుగా పసిగట్టి, సరిగ్గా ఆ ఖాళీలో స్వరం నింపాలి. గొంతు గమకం పలుకుతున్నంతసేపూ పెట్టె అణిగి ఉండాలి. అంటే పెట్టెమీద గమకం పలకదన్న సంగతి మా నాయనకు నాకంటె ముందే తెలుసు. తెలుసు కనుకనే ఆయన దానిని పలికించబోలేదు; పలికే గొంతుకు చోటిచ్చాడు. ఆ సాయంత్రం నేను చెప్పినది అబద్ధం కాదు. మెట్లలో బిగించిన స్వరం స్వరానికీ స్వరానికీ నడుమ జారలేదు, ఊగలేదు. ఆ విమర్శ సహేతుకమే. అయితే వాద్యపు లోపాన్ని తెలుసుకోవడం నా చదువయితే, ఆ లోపంతో ఒక జీవితకాలం మర్యాదగా మెలగడం ఆయన విద్య. రెంటికీ ఉన్న దూరాన్ని కొలవడానికి నా డాక్టరేటు చాలలేదు.

ఆ మాట అన్నప్పుడు నాకు మరొకటి గుర్తుకువచ్చింది. నా పరిశోధన ఎర్రన అరణ్యపర్వశేషం మీద. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో, మన అద్దంకిని రాజధానిగా చేసుకొన్న ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన పూరించాడు. పూరించడమే కాదు, నన్నయ వ్రాస్తున్నట్లుగానే వ్రాసి, ఏనాడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపించాడు. ఈ విషయంమీద నేను నాలుగువందల పుటలు వ్రాసి పట్టం పొందాను. నన్నయ శైలిని ఎర్రన ఏయే లక్షణాల్లో అనుసరించాడో పట్టికలు వేశాను. మూడువందల ఏళ్ల కిందట ఆగిన గొంతు ఏ శ్రుతిలో ఆగిందో వెదుక్కొని, తన సొంత శ్రుతిని పక్కన పెట్టి, అక్కడినుండి అందుకోవడం ఎటువంటి పనియో మాత్రం అరిగిన ఐదో మెట్టు చూపేవరకు నాకు బోధపడలేదు.

ఇదే అద్దంకిలో క్రీ.శ. 848 నాటిదని పండితులు చెప్పే పండరంగని శాసనం దొరికింది. అందులోని తరువోజ తెలుగు పద్యానికి మనకు తెలిసిన తొలినాటి ఆనవాళ్లలో ఒకటి. రాయి అక్షరాన్ని దాదాపు పన్నెండువందల ఏళ్లు కాపాడింది. ఆ పద్యాన్ని ఆనాడు ఏ రాగంలో, ఏ శ్రుతిలో చదివారో మాత్రం అది చెప్పలేదు. అక్షరానికి రాయి చాలు, కాగితం చాలు. నాదానికి మనిషి వెంట మనిషి కావాలి. ఒక్కరు చేయి విడిచినా అది తెగిపోతుంది. మా ఇంట్లో ఆ చేయి విడిచినవాణ్ణి నేను.

ఒకనాడు ధైర్యం చేసి అమ్మను అడిగాను. "నాయన పెట్టె మానేసింది నా మాట వల్లేనా అమ్మా?"

అమ్మ చేటలో కందులు చెరుగుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "నీ మాట వల్లేననుకోబాక. నీ మాట వల్ల కాదనీ అనుకోబాక" అన్నది.

అంతకంటె న్యాయమైన తీర్పు నాకు ఎవరూ ఇవ్వలేరు.

2025 శివరాత్రికి మా ఊళ్లో నాటకం లేదు. ఆ రాత్రి జాగరణకు మా అరుగుమీద మేమే కూర్చొన్నాం. నర్సమ్మగారు కూడ వచ్చారు. బాబాయి గొంతు సవరించుకొని రాయబారంలోని పద్యం ఒకటి అందుకొన్నాడు. వయస్సు మీదపడిన గొంతు ఐదు శ్రుతిని అందుకోలేక వణికింది. అయినా దిగలేదు. నేను షడ్జమ పంచమాలు పట్టుకొని ఆయన నోటివైపు చూస్తూ కూర్చొన్నాను. రెండుచోట్ల తొందరపడి ఆయన ఊపిరిమీద పడ్డాను. ఒకచోట ఆలస్యమయింది. ఆయన నాకోసం ఆగి, మళ్లీ ఎత్తుకొన్నాడు. పద్యం ముగిసింది.

గడపలో కూర్చొని వింటున్న అమ్మ చాలాసేపటికి నోరు విప్పింది.

"మూడో పాదం చివర మీ నాయన కొంచెం ఆగేవాడు. ఆగినాకే పెట్టె పలికేది."

ఆ ఆగడం నా స్వబోధినిలో లేదు. ఇప్పుడు దానినే సాధన చేస్తున్నాను.